నిస్తంత్రీ వార్తలు – ప్రతిధ్వనుల చిక్కు

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమపై విరుచుకుపడినపుడు తంతి మార్గములు తెగి, ఆ సీమ గ్రామములు లోకముతో సంబంధము కోల్పోయెను. నేడు తుపాను హెచ్చరిక తీగతో పనిలేకయే మన చేతి టెలిఫోనునకు వచ్చుచున్నది. స్తంభము కూలక, దానికి విద్యుత్తు అందుచున్నంతవరకే సుమా! ఆ వార్త త్రోవలో కలగాపులగము కాకుండ వచ్చుట యెట్లో విద్యార్థులు తెలిసికొనదగినది.

పెద్ద ప్రార్థనాలయములో నొకరు వడివడిగా చదివినచో, మొదటి మాట గోడ తగిలి తిరిగివచ్చి రెండవ మాటపై పడును. వినువారికి రెండును తెలియవు. నిస్తంత్రీ తరంగములకును ఇదే గతి. గుడివాడలో స్తంభమునుండి వెడలిన తరంగము తిన్నగా నొక దారిని, బియ్యపుమిల్లు గోడను తాకి వేరొక దారిని మన యంత్రమును చేరును. తరంగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును గనుక 300 మీటర్ల చుట్టుదారికి కలుగు ఆలస్యము సెకనులో పదిలక్షవ వంతు మాత్రమే. కాని సెకనుకు కోటి సంకేతములు పంపినచో ఆ లోపల పది సంకేతములు గడచిపోవును గదా!

మరి నెమ్మదిగా చదివిన చాలదా? చాలును, కాని వార్త ముగియుటకు మిక్కిలి కాలము పట్టును. కనుక పాఠమును వందలమందికి పంచి, అందరిచేతను ఏకకాలమున వేర్వేరు శ్రుతులలో నెమ్మదిగా చదివింతురు. 4జీ టెలిఫోనులో ఈ శ్రుతులు, అనగా ఉపవాహక తరంగములు, సెకనుకు 15,000 కంపనముల యెడముతో నుండును. ఒక్కొక్క సంకేతము సెకనులో 15,000వ వంతు నిలుచును. ఈ రెండు సంఖ్యలును ఒకటే యగుట కాకతాళీయము కాదు. ఆ వ్యవధిలో ఏ రెండు శ్రుతుల కంపనముల భేదమైనను పూర్ణసంఖ్యయే. అందుచేత ఒకదానిని వెదకునపుడు తక్కినవాని ప్రభావము శూన్యమగును. మన గాయకబృందమునకు ఇంత నియమము లేదు.

అయినను ప్రతి సంకేతపు మొదట వెనుకటి సంకేతపు ప్రతిధ్వని కొంత మిగులును. అందుకై సంకేతపు తోకను కొంచెము నకలుచేసి దాని తలకే తగిలింతురు. దీని నిడివి సెకనులోని పదిలక్షవ వంతులు సుమారు 4.7. ప్రతిధ్వని యా భాగములోనే అణగును. యంత్రము దానిని విడిచి మిగిలినది చదువును. ఖాళీ యుంచక నకలే యేల యనిన, ఆలస్యముగా వచ్చిన తరంగము సైతము చదువు వ్యవధిలో పూర్ణకంపనములనే చూపవలెను. లేనిచో శ్రుతులు ఒకదానిలో నొకటి చొరబడును. ఈ కాపు సుమారు 1,400 మీటర్ల అదనపు దారికి సరిపోవును. అంతకు మించినచో 16.7 వంతుల కాపు కలదు గాని, అపుడు ఏడు సంకేతముల చోట ఆరే పట్టును.

నీరు నిండిన వరిచేల సంగతి వేరు. అందు ప్రతిఫలించిన తరంగమునకు ఆలస్యము లేనట్లే; కాని దాని పల్లము తిన్నని తరంగపు శిఖరముతో కలిసినచో రెండును క్షీణించును. అచట నకలు తోక అక్కరకు రాదు.

గుడివాడనుండి బందరు పోవు రైలు గంటకు 90 కిలోమీటర్ల వేగమున నున్నదనుకొనుడు. సెకనుకు 180 కోట్ల కంపనములుగల తరంగము, స్తంభమువైపు పోవువానికి 150 కంపనములు హెచ్చినట్లు తోచును. 15,000 యెడములో నది నూరవ వంతు. శ్రుతులు రవంత కలియును గాని వార్త చెడదు.