ఉంటే ఉగాది, లేకుంటే శివరాత్రి

రాజోలు దగ్గర ఒక పల్లెటూరు. ఆ ఊళ్ళో అత్తా, కోడలూ ఉన్నారనుకుందాం.

కోడలు పగలు కొబ్బరి పీచు పనికి వెళుతుంది. సాయంత్రం రాత్రి బడికి వెళుతుంది. పొదుపు సంఘంలో చేరింది. సంతకం నేర్చుకుంది. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదువుతుంది.

ఇంతలో పిల్లాడికి జ్వరం వచ్చింది. పది రోజులు బడికి వెళ్ళలేదు. ఆ నెల పొదుపు కూడా కట్టలేదు. పదకొండో రోజు పుస్తకం తెరిచింది. రెండు ఒత్తులు గుర్తు రాలేదు. పుస్తకం మూసి అటక మీద పెట్టేసింది.

"నాకింక చదువు రాదు అత్తయ్యా. అంతా మర్చిపోయాను. సంఘం కూడా మానేస్తాను. నావల్ల ఏదీ కాదు" అంది.

అత్త చీపురు కోసం కొబ్బరి ఈనెలు తీస్తోంది.

"ఉంటే ఉగాది, లేకుంటే శివరాత్రి అన్నట్టుందమ్మా నీ మాట. ఏడాదిలో ఉగాది ఒక్క రోజు. శివరాత్రి ఒక్క రోజు. మిగతా రోజులన్నీ ఏం చేస్తున్నాం? ఉన్నది వండుకుని తింటున్నాం కదా!" అంది.

కోడలు మాట్లాడలేదు. అత్త పాత సంగతి ఎత్తింది.

తుఫాను రాత్రి

1996 నవంబరు 6. ఆ రాత్రి పెను తుఫాను కోనసీమను కొట్టింది. తూర్పు గోదావరి జిల్లా అంతటా పెద్ద నష్టం జరిగింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఇళ్ళు కూలాయి. కొబ్బరి తోటలకు తోటలు నేలకొరిగాయి.

"అప్పటికి నువ్వు పుట్టలేదు. మనకు ముప్పై చెట్లు ఉండేవి. తెల్లారి చూస్తే తోట గుర్తు పట్టలేకపోయాం. మీ మామయ్య గట్టు మీద కూలబడ్డారు. 'అంతా పోయింది. ఉన్నవి కూడా కొట్టించేద్దాం. ఎక్కడికైనా పోదాం' అన్నారు. పక్క తోట పెద్దాయన వచ్చారు. 'ముందు లెక్కపెట్టవయ్యా. తర్వాత ఏడుద్దువు గాని' అన్నారు. లెక్కపెట్టాం. పన్నెండు చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. అయిదు చెట్లకు మొవ్వు విరిగింది. పదమూడు చెట్లకు మట్టలు విరిగాయి గాని, మొవ్వు నిలిచింది."

"అంటే పదిహేడు పోయినట్టే కదా అత్తయ్యా?"

"పోయాయమ్మా. వాటి కోసం ఏడ్చాం. కానీ పదమూడు అంటే సున్నా కాదు కదా!"

మొవ్వు ఉంటే చెట్టు ఉంది

కొబ్బరి చెట్టుకు కొమ్మలు ఉండవు. పెరిగే చోటు ఒక్కటే. అదే తల మీద ఉండే మొవ్వు. మొవ్వు చస్తే చెట్టు చస్తుంది. మట్టలు విరిగినా మొవ్వు బాగుంటే చెట్టు బతుకుతుంది. సుమారు నెలకు ఒక కొత్త ఆకు వేస్తుంది. ఆకు పక్కనే గెల వస్తుంది. పువ్వు ముదురు కాయ కావడానికి దాదాపు ఏడాది పడుతుంది. అందుకే తుఫాను తర్వాత రెండు మూడేళ్ళు దింపు తగ్గుతుంది. తర్వాత మెల్లగా కోలుకుంటుంది.

పోయిన చెట్ల చోట కొత్త మొక్కలు నాటాలి. పొడుగు రకం కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అన్నాళ్ళూ నేల ఖాళీగా ఉంచనక్కర లేదు. మధ్యలో అరటి వేయవచ్చు. కంద, పసుపు వేయవచ్చు. అరటి ఏడాది తిరిగేసరికి గెల ఇస్తుంది.

ఆ అత్తామామలూ అదే చేశారు. మొదటి ఏడాది అరటి గెలలతో, కూలి డబ్బులతో గడిపారు. అది ఉగాదీ కాదు. శివరాత్రీ కాదు.

కోడలి లెక్క

కోడలు పుస్తకం కిందికి దించింది. తనూ లెక్కపెట్టింది. అక్షరాలు వచ్చు. గుణింతాలు వచ్చు. రెండు ఒత్తులు మర్చిపోయింది. అంతే!

ఆ సాయంత్రం బడికి వెళ్ళింది. గంట కూర్చోలేకపోయింది. పిల్లాడు ఏడుస్తాడని అరగంటలో వచ్చేసింది. ఒక ఒత్తు గుర్తొచ్చింది. ఇంకొకటి రేపు నేర్చుకుంటుంది.

సంఘం సమావేశంలో ఉన్న మాట చెప్పింది. "పిల్లాడికి జ్వరం వచ్చింది. పోయిన నెల కట్టలేకపోయాను. ఈ నెలది కడతాను. పాతది రెండు విడతల్లో ఇస్తాను" అంది. సభ్యులు సరే అన్నారు. పుస్తకంలో రాశారు. కింద కోడలు సంతకం చేసింది.

మాట మార్చి చూడండి

"అంతా", "ఏమీ", "ఎప్పుడూ", "ఎవరూ". ఈ నాలుగు మాటలు నోట్లోకి రాగానే ఆగండి. లెక్కపెట్టండి.

"నాకు ఏమీ రాదు" అనకండి. "ఇది వచ్చు. ఇది ఇంకా రావాలి" అనండి.

"మా పిల్ల ఎప్పుడూ మాట వినదు" అనకండి. "ఈ రోజు వినలేదు. నిన్న నీళ్ళు తెచ్చింది" అనండి.

గర్భిణి రెండు రోజులు ఐరన్ మాత్ర మర్చిపోయిందనుకోండి. ఇక మింగి లాభం లేదని మానకూడదు. రెండు మూడు కలిపి ఒకేసారి మింగకూడదు. మూడో రోజు మామూలుగా ఒకటి వేసుకోవాలి. ఆ సంగతి ఆశా కార్యకర్తకు చెప్పాలి.

కొన్ని పనులు మాత్రం సగం చేస్తే చాలవు. తుఫాను వస్తోంది, ఊరు ఖాళీ చేయండి అంటే ఇంటిల్లిపాదీ కదలాలి. టీబీ మందులు డాక్టరు చెప్పినన్నాళ్ళూ వాడాలి. ఒక రోజు తప్పితే మానేయకుండా వెంటనే ఆసుపత్రిలో అడగాలి.

పోయిందాన్ని పోలేదని చెప్పుకోనక్కర లేదు. మిగిలిందాన్ని కూడా పోయిందనుకోకూడదు.

ఆలోచించండి, మాట్లాడండి

1. మామయ్య తోట అంతా కొట్టించేసి ఉంటే ఏమయ్యేది?
2. మీరు సగంలో మానేసిన పని ఏది? అందులో మీకు ఎంత వచ్చు?
3. మీ సంఘంలో ఎవరైనా ఒక నెల పొదుపు కట్టలేకపోతే ఏం చేస్తారు?

రాయండి

మొవ్వు, మట్ట, గెల, దింపు, ఒత్తు, విడత