తెరకు తగిన పుట

పరీక్ష ఫలితాలు వెలువడిన రోజు. హోసూరు దగ్గరి ఒక పల్లెలో ఒక బాలిక తండ్రి సెల్‌ఫోను పట్టుకొని, సిగ్నలు అందే చోటు చూసుకొని నిలబడింది. ఫలితాల పుట తెరుచుకుంది గాని అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. పెద్దవి చేస్తే వాక్యం తెర దాటి కుడివైపుకు పోతున్నది. నంబరు వేయవలసిన గడి మీద వేలు పెట్టబోయేసరికి, ఆలస్యంగా వచ్చిన బొమ్మ ఒకటి పుటను కిందికి నెట్టింది. వేలు ప్రకటన మీద పడింది. ఇందులో బాలిక తప్పు లేదు. పుటను కూర్చిన తీరులోనే లోపమున్నది.

టిమ్ బెర్నర్స్-లీ 1989లో వెబ్‌ను ప్రతిపాదించాడు. 1991 నాటి తొలి పుటల్లో వాక్యాలు, లంకెలు తప్ప అలంకారాలు లేవు. వాటికి నిర్ణీతమైన వెడల్పు కూడా లేదు. కనుకనే, విచిత్రంగా, అవి నేటి ఫోనులోనూ ఒదుగుతాయి. పుటను అచ్చు పత్రికలా తీర్చాలన్న కోరికతోనే చిక్కు మొదలైంది. అంకెలు చూపడానికి పుట్టిన పట్టికనే పుట కట్టడానికి వాడారు. పట్టికలో పట్టిక, దానిలో మరొకటి. ఇది మంచి మార్గం కాదని తెలిసినా వేరే సాధనం చేతిలో లేదు.

1994లో హోకోన్ వియుమ్ లీ సి.ఎస్.ఎస్. అనే శైలి నియమాలను ప్రతిపాదించాడు. 1996లో అవి ప్రమాణంగా వెలువడ్డాయి. వీటివల్ల విషయం ఒకచోట, వేషం మరొకచోట ఉంటాయి. ఒకసారి తెచ్చుకున్న నియమాలను బ్రౌజరు దాచుకొని, తక్కిన పుటలకూ వాడుకుంటుంది. 2010లో ఈతన్ మార్కాట్ మరో అడుగు వేశాడు. కొలతలు తెరతోపాటు సాగాలి, బొమ్మలు కుదించుకోవాలి, తెర వెడల్పును బట్టి నియమాలు మారాలి అన్నాడు.

ఇప్పుడు ఇందుకు రెండు మంచి పద్ధతులున్నాయి. ఫ్లెక్స్‌బాక్స్ పెళ్లి బంతి వంటిది. చోటుంటే అందరూ ఒకే వరుసలో విశాలంగా కూర్చుంటారు. చాలకపోతే మిగిలినవారు రెండో వరుసకు వెళతారు. గ్రిడ్ ముగ్గు వంటిది. ముందు చుక్కలు, ఆ తర్వాత గీతలు. అడ్డం, నిలువు రెండూ దాని అదుపులో ఉంటాయి. 2017లో ప్రధాన బ్రౌజర్లన్నీ దీనిని స్వీకరించాయి. ఒక్కొక్క గడికి కనీస వెడల్పు ఇంత అని చెబితే చాలు. పెద్ద తెరపై నాలుగు, ఫోనులో ఒకటి చొప్పున అవే సర్దుకుంటాయి. నిపుణులు ముందు చిన్న తెరకు నియమాలు రాసి, తర్వాత పెద్ద తెరకు కావలసినవి చేరుస్తారు.

మరి చీమల బారు ఎందుకు వచ్చింది? చాలా ఫోన్లు తమ తెర కంప్యూటరు తెరంత వెడల్పున్నట్లు భావించుకొని, పుటను అంతా కుదించి చూపుతాయి. “అసలు వెడల్పునే లెక్కించు” అని పుట మొదట్లో ఒక్క ఆదేశం చేర్చితే ఆ బాధ తప్పుతుంది. బొమ్మ వెడల్పు, ఎత్తు ముందే తెలిపితే బ్రౌజరు ఆ మేరకు చోటు ఖాళీగా ఉంచుతుంది, పుట గెంతదు. అయితే ఎంత చక్కగా కూర్చినా, బరువైన బొమ్మలు పెడితే వేగం రాదు. ఫోనుకు చిన్న బొమ్మనే పంపాలి. కింద ఉన్న బొమ్మలను, చదువరి అక్కడికి చేరబోయేటప్పుడు తెప్పించవచ్చు.

తెలుగు పుటకు మరికొంత శ్రద్ధ కావాలి. ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడంలో మన ఒత్తులు తెగిపోవచ్చు. “దరఖాస్తుచేసుకోవలసినవారు” వంటి పొడవైన మాట ఇరుకైన మీటలో పట్టదు. ఒకే పుటను కన్నడం, తమిళం, ఒడియా, తెలుగులలో చూపేచోట మాటల నిడివి ఒక్కో భాషకు ఒక్కో విధంగా ఉంటుంది. అందుకే గడి ఎత్తును బిగించక, మాటకు తగినట్లు పెరగనివ్వాలి.

చేసి చూడండి: బడి కంప్యూటరులో ఒక తెలుగు వెబ్‌పుటను తెరవండి. కిటికీ కుడి అంచును మౌస్‌తో పట్టుకొని నెమ్మదిగా లోపలికి జరపండి. ఏ గడి కిందికి దిగింది? ఏ మాట తెగింది? ఏది కదలక మొండికేసింది? మీ నోటు పుస్తకంలో రాయండి.