పలకల కంటెయినరు: బిల్లులో వ్రాసిన లెక్కే వర్తకునికి రక్ష

మార్కాపురం, గిద్దలూరు వర్తకులకు సముద్రం దూరమే. అయినా మార్కాపురం పలకరాయి విదేశాలకు చేరాలంటే ఓడ ఎక్కక తప్పదు. ఓడల తీరు మారింది; నౌకా రవాణా చట్టం దాని వెనుక నెమ్మదిగా నడుస్తున్నది. ఈ రెంటి మధ్య ఎడమెంతో ఎగుమతిదారు తెలుసుకొనుట అవసరం.

పూర్వం చెక్కపెట్టెలను ఒక్కొక్కటిగా లెక్కించి ఓడలోకి ఎక్కించేవారు. 1925 నాటి భారత సముద్ర సరకు రవాణా చట్టం ఆ కాలానిది. 1956లో అమెరికాలో 'ఐడియల్ ఎక్స్' ఓడ 58 కంటెయినర్లతో బయలుదేరింది. 1983లో చెన్నై రేవులో కంటెయినర్ టెర్మినల్ ప్రారంభమైంది. సరకు గోడౌనులోనే కంటెయినరులోకి ఎక్కి సీలు పడుతున్నది. ఓడవారికి కనిపించేది ఒకే పెట్టె. నష్టం వస్తే అది ఒక ప్యాకేజీయా, నూరు ప్యాకేజీలా అన్న వివాదం అక్కడే పుట్టింది.

దీనికి 1968 నాటి అంతర్జాతీయ ఒడంబడిక సమాధానమిచ్చింది: బిల్ ఆఫ్ లేడింగులో ఎన్ని ప్యాకేజీలని వ్రాస్తే అన్నిగా లెక్క. వ్రాయకపోతే కంటెయినరు మొత్తం ఒక్కటే. మన చట్టంలో ఈ మార్పు 1993లో గాని రాలేదు. 2025లో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం కూడా ఇదే సూత్రాన్ని అనుసరించింది.

ఓడ కంపెనీ బాధ్యతకు గరిష్ఠ పరిమితి ప్యాకేజీకి 666.67 ఎస్.డి.ఆర్., లేదా నష్టపడిన సరకు కిలోకు 2 ఎస్.డి.ఆర్.; ఏది ఎక్కువైతే అది. ఎస్.డి.ఆర్. అనేది అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకట్టే ప్రమాణం. ప్రస్తుతం దాని విలువ నూరు రూపాయలకు పైనే. ఉదాహరణకు 1,000 కిలోల రాతిపెట్టె పగిలితే తూనిక ప్రకారం పరిమితి 2,000 ఎస్.డి.ఆర్. అదే 20 కిలోల అట్టపెట్టెకు తూనిక ప్రకారం 40, ప్యాకేజీ ప్రకారం 666.67. అనగా సుమారు 333 కిలోలు దాటిన పెట్టెకు తూనిక, అంతకు తక్కువైతే సంఖ్య వర్తకునికి అనుకూలం. అయితే చేతికి వచ్చేది రుజువైన నష్టం మేరకే.

రాయి వంటి బరువైన సరకుకు ఈ పరిమితి సాధారణంగా చాలుతుంది. చిక్కంతా రుజువులో ఉన్నది. పలక పెళుసు సరకు. ప్యాకింగు చాలలేదని ఓడ కంపెనీ రుజువు చేస్తే బాధ్యత తప్పించుకోగలదు. కనుక సీలు వేయకముందు పెట్టెల సంఖ్య, తూనిక, ప్యాకింగు స్థితి నమోదు చేయించి, ఫొటోలు తీయించి ఉంచుట లాభదాయకం.

తూనిక విషయంలో బాధ్యత ఎగుమతిదారుదే. 2007లో ఇంగ్లీషు ఛానెల్‌లో దెబ్బతిన్న 'ఎం.ఎస్.సి. నాపోలి' ఓడపై అనేక కంటెయినర్ల బరువు చెప్పినదానికీ ఉన్నదానికీ పొంతన లేదని దర్యాప్తులో తేలింది. 2016 జూలై 1 నుంచి ధ్రువీకరించిన బరువు లేనిదే కంటెయినరును ఓడ ఎక్కించరాదు. నిండిన కంటెయినరును కాటా వేయవచ్చు. లేదా పెట్టెలు, ఆనుదుంగలు విడిగా తూచి, తలుపుపై ముద్రించిన ఖాళీ బరువు కలపవచ్చు. తప్పు బరువు ఇచ్చినందువల్ల ఓడకు నష్టం కలిగితే ఇచ్చినవారే భరించాలి.

కాగితం బిల్లు స్థానే ఎలక్ట్రానిక్ బిల్లుకు బ్రిటన్ 2023లో చట్టబద్ధత కల్పించింది. మన దేశంలో 1856 నాటి చట్టం స్థానే 2025లో ఆమోదించిన బిల్స్ ఆఫ్ లేడింగ్ చట్టంలో దానికి ప్రత్యేకమైన సెక్షను లేదు. కాబట్టి ఎలక్ట్రానిక్ బిల్లుకు ఒప్పుకొనే ముందు బ్యాంకునూ, కొనుగోలుదారునూ సంప్రదించుట మంచిది.

దిగుమతిదారు సరకు అందుకొన్నాక, పైకి కనిపించని నష్టానికి 3 రోజులలో లిఖితపూర్వకంగా తెలియజేయాలి. దావాకు గడువు ఒక సంవత్సరం. ఈ రెండు తేదీలను బేరం కుదిరిన రోజే కొనుగోలుదారునికి గుర్తుచేయుట ఎగుమతిదారుకు క్షేమం.