ఇంగ్లండ్‌కు కొత్తగా వచ్చారా? చీము పట్టిన పుండుకు ఎవరిని కలవాలి

మన ఊళ్లో సెగ్గడ్డ లేస్తే వీధి చివరి మందుల షాపుకు వెళ్లి యాంటీబయాటిక్ తెచ్చుకోవడం చాలామందికి అలవాటు. ఇంగ్లండ్‌లో ప్రిస్క్రిప్షన్ లేనిదే ఆ మందు అమ్మరు. అలాగని డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికేదాకా పుండును ముదరనివ్వకండి.

ఎందుకు వస్తుంది?
స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా చాలామంది ముక్కులో, చర్మం మీద ఏ హానీ చేయకుండా ఉంటుంది. అదీ, స్ట్రెప్టోకాకస్ జాతి బ్యాక్టీరియా చర్మంలో చీలిక దొరికితే లోపలికి చొరబడతాయి. చలికాలంలో పొడిబారి పగిలిన చర్మం, గోకిన ఎగ్జిమా, బూట్లలో చెమటకు పాచిన కాలివేళ్ల సందులు, పురుగు కాట్లు వాటికి దారులు. స్నానం కాగానే వేళ్ల సందులు పొడిగా తుడుచుకోండి, ఒంటికి మాయిశ్చరైజర్ రాయండి. షుగర్ ఉన్నవాళ్లు పాదాలను రోజూ చూసుకోవాలి.

ముందు ఫార్మసీ
2024 జనవరి 31న మొదలైన 'ఫార్మసీ ఫస్ట్' పథకం కింద 7 సమస్యలకు ఫార్మసిస్టే చూసి, అవసరమైతే మందు ఇస్తారు. ఇంపెటైగో, చీము పట్టిన పురుగు కాటు అందులో ఉన్నాయి. ఈ రెండింటికీ ఏడాది నిండిన పిల్లల నుంచి పెద్దల దాకా వెళ్లొచ్చు.

ఇంపెటైగో ఎక్కువగా పిల్లలకు వస్తుంది. ముక్కు, నోటి చుట్టూ పొక్కులు పగిలి తేనెరంగు పక్కు కడుతుంది. ఇది అంటుకుంటుంది కాబట్టి తువ్వాలు వేరుగా ఉంచండి. పుండ్లు ఎండి మానేదాకా, లేదా యాంటీబయాటిక్ మొదలుపెట్టి 48 గంటలు గడిచేదాకా బడికి పంపకండి. పెన్సిలిన్ పడదంటే ముందే చెప్పండి. ఇక్కడ తరచుగా ఇచ్చే ఫ్లుక్లోక్సాసిలిన్ ఆ జాతి మందే.

ఎరుపు ఒక్కటే గుర్తు కాదు
ఇన్ఫెక్షన్ చర్మం లోపలి పొరలకు పాకితే సెల్యులైటిస్. చామనఛాయ ఒంటి మీద ఎరుపు స్పష్టంగా కనపడదు. తాకి చూడండి: వేడి, వాపు, నొప్పి ఉంటే ఆ రోజే జీపీకి (ఫ్యామిలీ డాక్టరుకు) గానీ, వైద్య సలహా నంబరు 111కి గానీ ఫోన్ చేయండి. వాపు అంచున పెన్నుతో గీత గీస్తే ఎంత పాకిందో డాక్టరుకు తెలుస్తుంది. కంటి చుట్టూ వస్తే అసలు ఆగకండి. వణుకుతో జ్వరం, తికమక, ఆయాసం, స్పృహ తప్పుతున్నట్టు ఉండటం కనిపిస్తే అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయండి.

సూట్‌కేసులోని మందులు
ఇంటి నుంచి తెచ్చుకున్న స్టెరాయిడ్ కలిసిన క్రీము దురద తగ్గించి, లోపల ముదురుతున్న ఇన్ఫెక్షన్‌ను కప్పేస్తుంది. పాత కోర్సులో మిగిలిన మాత్రలూ వాడకండి.

వచ్చిన వారమే జీపీ దగ్గర నమోదు చేసుకోండి. అది ఉచితం, అడ్రస్ ప్రూఫ్ తప్పనిసరి కాదు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకూ జీపీ చూసినందుకు డబ్బు తీసుకోరు. ఆసుపత్రిలో చేర్చుకుంటే మాత్రం వాళ్లకు బిల్లు పడుతుంది. ఖర్చుకు భయపడి పెద్దవాళ్లు కాలి పుండును దాచుకుంటారు. మీరే అడిగి చూసి, మొదటి రోజే తీసుకెళ్లండి.