ఆవరణములలో బ్యాటరీ బండ్లు: వానిని నడుపుటలో జాగ్రత్త

మా పాఠశాల విద్యార్థులలో పెక్కండ్రు ఉప్పలు, నాచారము ప్రాంతములవారు. వారు హబ్సిగూడ మీదుగా నగరములోనికి పోవునప్పుడు, 1961 లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ప్రహరిని ప్రక్కనే చూతురు. తార్నాక దాటినచో ఉస్మానియా విశ్వవిద్యాలయము వచ్చును. 1918 లో నెలకొల్పబడి, 1939 లో ఆర్ట్సు కళాశాల భవనమును ప్రారంభించుకొన్న ఆ విద్యాపీఠపు ఆవరణము వేయి ఎకరములకు మించినది. ఇట్టి విశాలమైన స్థలములలో ఒక భవనమునుండి మఱియొక భవనమునకు నడచుట వృద్ధులకును, వికలాంగులకును కష్టము. అందుచేత నేడు పెక్కు విశ్వవిద్యాలయములలోను, ఆసుపత్రులలోను, పెద్ద రైలు స్టేషనులలోను, 1963 లో తెఱవబడిన మన నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోను, తలుపులు లేని చిన్న బ్యాటరీ బండ్లు తిరుగుచున్నవి. మన విద్యార్థులు నేడు వానిలో కూర్చుండెదరు. రేపు కళాశాలలలోను, కర్మాగారములలోను వారే వానిని నడిపెదరు. కావున వాని స్వభావమును తెలిసికొనుట యుక్తము.

ఈ పాఠమును వ్రాయుటకు మాకు వేఱొక కారణము గూడ కలదు. రెండేండ్ల క్రిందట మేము ఎనిమిదవ తరగతి బాలురను విజ్ఞాన ప్రదర్శనము చూపుటకై మన నగరములోని యొక విద్యాసంస్థకు తీసికొనిపోతిమి. ఎండ తీవ్రముగా నుండెను. ప్రదర్శనశాల ద్వారమునకు చాల దూరము. ఆఱుగురు కూర్చుండదగిన బండి యొకటి వచ్చెను. మేము అందు తొమ్మండుగురు బాలుర నెక్కించితిమి. ఇద్దఱు ఇతరుల ఒడిలో కూర్చుండిరి. ఒకడు వెనుక మెట్టుమీద నిలిచెను. బండి నడుపునతడు మావైపు చూచి, “సారూ, మంది ఎక్కువైన్రు. రెండు ట్రిప్పులు ఏస్త” అనెను. “చిన్న బండియే గదా, ఏమియు కాదు, పోనిమ్ము” అని మేమే యంటిమి. మొదటి మలుపులోనే మెట్టుమీది బాలుడు జాఱి పడెను. ముంజేతి ఎముక విఱిగెను. ఆసుపత్రికి వచ్చిన యాతని తల్లి మమ్ము దూఱలేదు. “మీరుండంగ ఎట్ల పడ్డడు సారూ?” అని మాత్రము అడిగెను. ఆ దినమున మేము సమాధానము చెప్పలేకపోతిమి. ఎట్లు పడెనో ఇప్పుడు చెప్పెదము.

1. బండి స్వభావము

ఈ బండ్లు గోల్ఫు ఆట మైదానములకై పుట్టినవి. 1950 తరువాత అమెరికా దేశమున విరివిగా వ్యాపించినవి. పచ్చికమీద ఇద్దఱు ఆటగాండ్రను, వారి ఆటకఱ్ఱల సంచులను మోయుట వీని మొదటి పని. కావున వీనికి తలుపులు లేవు. చాలవానికి నడుముపట్టీలు లేవు. పెక్కింటికి బ్రేకులు వెనుక చక్రములకే పట్టును. సాధారణముగా ఇవి గంటకు 20 మొదలు 25 కిలోమీటర్ల వేగముతో పోగలవు. వెనుక తొట్టి గలిగి, సామానులు మోయుటకై చేయబడిన బండ్లును ఈ జాతిలోనివే. మెత్తని మైదానమునకు చాలిన ఈ యేర్పాటు, రాతినేలయు వాలుదారులును గల మన హైదరాబాదు ఆవరణములకు చాలదు. ఆ కొఱతను నడుపువాని జాగ్రత్తయే తీర్పవలెను.

2. మలుపు

కదలుచున్న వస్తువు తిన్నగా పోవుటకే యత్నించునని న్యూటను మొదటి సూత్రమున చదివియున్నాము. బండి ఎడమకు తిరిగినప్పుడు మన శరీరము తిన్నగానే పోజూచును. దానిని బండితోపాటు త్రిప్పుటకు బలము కావలెను.

ఒక లెక్క చేసి చూతము. మలుపు వ్యాసార్ధము 6 మీటర్లు. బండి వేగము గంటకు 20 కిలోమీటర్లు, అనగా సెకనుకు 5.6 మీటర్లు అనుకొందము. వేగవర్గమును వ్యాసార్ధముచే భాగించినచో సుమారు 5.2 వచ్చును. ఇది 9.8 అను భూమ్యాకర్షణ త్వరణములో సగమునకు మించినది. కావున 40 కిలోగ్రాముల బాలుని మలుపులో నిలుపుటకు 21 కిలోగ్రాముల బరువునకు సమానమైన బలము కావలెను. ఆసనముమీద కూర్చుండి కడ్డీని పట్టుకొన్నవానికి అది దొరకును. మా బాలుడు ఒక చేత అన్నపు డబ్బాను, ఒక చేత కడ్డీని పట్టుకొని మెట్టుమీద నిలిచియుండెను. ఆతనికి అది దొరకలేదు.

అదే మలుపులో వేగము గంటకు 10 కిలోమీటర్లైనచో కావలసిన బలము 5 కిలోగ్రాముల బరువునకు కొంచెము మించును, అంతియే. వేగము సగమైనచో బలము నాలుగవ వంతగును. మలుపునకు ముందే వేగము తగ్గింపుమని పెద్దలు చెప్పుటకు కారణమిదియే. మలుపులో ప్రవేశించిన పిమ్మట తగ్గించుట ఆలస్యము.

ఎక్కినవారు పాటింపవలసినవి మూడు: ఎన్ని ఆసనములో అందఱే ఎక్కవలెను, వీపు ఆసనమున కానించి కడ్డీని పట్టుకొనవలెను, కాలు సేతులు బయటికి చాపరాదు. వెనుకకు మొగమై కూర్చుండువారికి రాబోవు మలుపు కనబడదు గనుక వారు మఱింత జాగ్రత్తగా నుండవలెను.

3. బ్రేకు, వాలు

ఎదుట ఒక బిడ్డ పరుగెత్తి వచ్చెననుకొందము. చూచి, కాలు బ్రేకుమీద పెట్టుటకు ఒక సెకను పట్టినను, 20 కిలోమీటర్ల వేగమున బండి ఆలోపల 5.6 మీటర్లు పోవును. బ్రేకు ఓ మోస్తరుగా పనిచేసినచో, సమతలముమీద ఆగుటకు మఱియొక 5 మీటర్లు కావలెను. మొత్తము సుమారు 11 మీటర్లు. 10 కిలోమీటర్ల వేగమున 4 మీటర్లు చాలును.

వాలులో దిగునప్పుడు ఈ దూరము పెరుగును. బ్రేకు గట్టిగా త్రొక్కినచో బరువు ముందుకు ఒరగి వెనుక చక్రములు తేలిక పడును. బ్రేకు పట్టునది ఆ చక్రములకే యైనచో అవి బిగిసి జాఱును; బండి వెనుకభాగము ప్రక్కకు తిరుగును. అందుచేత వాలు రాకముందే నెమ్మది కావలెను. వాలుమీద అడ్డముగా త్రిప్పరాదు. మీటను తటస్థస్థితిలో నుంచి బండిని జాఱవిడువరాదు. తొలకరి వానకు తారుమీది దుమ్మును నూనెయును కలసి జిగటగును గనుక ఆ దినములలో నెమ్మది మఱింత యవసరము.

4. సామాను

నాచారము పారిశ్రామికవాడలో పనిచేయు తండ్రులకు ఈ సంగతి మేము చెప్పనక్కఱలేదు. బరువు వస్తువులు క్రిందను, తేలికవి పైనను, అన్నియు మధ్యగాను ఉండవలెను, త్రాటితో కట్టవలెను. బరువు ఎత్తునకు పోయినకొలది బండి మలుపులో ఒరగుట సులభమగును. సామాను తొట్టిలో మనుష్యుడు కూర్చుండరాదు. ఇనుప కడ్డీలు, నిచ్చెనలు బయటికి పొడుచుకొని వచ్చినచో వాని కొనకు ఎఱ్ఱగుడ్డ కట్టవలెను. సామాను మాటున దారి కనబడనిచో ఆ బండిని నడుపరాదు.

5. నడచువారు

బ్యాటరీ బండికి చప్పుడు మిక్కిలి తక్కువ. ఇది రోగులకు సుఖము, నడచువారికి అపాయము. వెనుక బండి వచ్చుచున్నదని వారికి తెలియదు. చెవిలో ఫోను తీగ నుంచుకొన్నవారికి అసలే తెలియదు. భవనపు మూలలయొద్ద బండిని దాదాపుగా ఆపి చూడవలెను. వెనుకకు పోవునప్పుడు మెడ త్రిప్పి చూడవలెను. హారను మ్రోగించినాము గదా యని వేగముగా పోరాదు, వినబడనివారుందురు, కనబడనివారుందురు. ఆవరణములో దారి మొదట నడచువారిది.

6. నిలుపుట, బ్యాటరీని నింపుట

దిగుటకు ముందు నిలుపు బ్రేకును బిగించి, మీటను తటస్థస్థితిలో నుంచి, తాళపుచెవిని తీసికొనవలెను. చెవి విడిచిన బండి చిన్నపిల్లలకు ఆటవస్తువగును.

సీసము, ఆమ్లము గల బ్యాటరీలో విద్యుత్తు నింపునప్పుడు ఉదజని పుట్టును. అది ఎంత సులభముగా ప్రేలునో మన రసాయనశాలలో పరీక్షనాళికయొద్ద వినియున్నాము. కావున గాలి యాడు చోటనే నింపవలెను. అచ్చట అగ్గిపుల్లయు, బీడీయు కూడదు. లోని ద్రవము గంధకామ్లము. చర్మముమీద పడినచో వెంటనే విస్తారమైన నీటితో కడుగవలెను. లిథియము బ్యాటరీలు గల బండ్లకు దాని కేర్పడిన చార్జరునే వాడవలెను.

7. చట్టము

1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, కర్మాగారములోగాని, ఆవరింపబడిన మఱియొక స్థలములోగాని మాత్రమే వాడుటకై ప్రత్యేకముగా చేయబడిన వాహనము మోటారు వాహనముగా ఎంచబడదు. దీనిని కొందఱు స్వేచ్ఛగా భావింతురు. అది పొరపాటు. గేటు లోపల పోలీసువాడు లేడు గనుక అచ్చటి నియమమును మనమే పెట్టుకొని మనమే పాటింపవలెను. ఆ సంస్థవారు శిక్షణ నిచ్చి యనుమతించినవారే నడుపవలెను.

గేటు దాటి ఉప్పలు రోడ్డువంటి బాటమీదికి వచ్చినచో సంగతి వేఱు. 18 ఏండ్లు నిండనివారు కారు మొదలైన మోటారు వాహనములను నడుపుట నేరము. 2019 నాటి సవరణచే బాలుడు నేరము చేసినచో తండ్రికి లేక వాహనపు యజమానికి మూడేండ్లవఱకు చెఱయు, 25,000 రూపాయల జుల్మానాయు కలుగవచ్చును. ఆ బాలునికి 25 ఏండ్లు వచ్చువఱకు లైసెన్సు దొరకదు. తల్లిదండ్రులు దీనిని మఱువకుందురు గాక.

ముగింపు

ఆ బాలుని ఎముక చక్కగా అతికినది. ఆతడిప్పుడు పదవ తరగతిలో నున్నాడు. గడచిన శీతకాలమున మేము మఱియొక తరగతిని అట్టి యావరణమునకే తీసికొనిపోయితిమి. ఆఱు ఆసనములు; ఆఱుగురు ఎక్కిరి. తక్కినవారితో మేము చెట్టునీడన నిలిచి, బండి తిరిగివచ్చువఱకు వేచితిమి. పావుగంట ఆలస్యమైనది. బండివాడు నెమ్మదిగా నడిపెను. ఎవరును ఆతనిని తొందరపెట్టలేదు. ఆ తల్లి ప్రశ్నకు మా సమాధానమిది: బండి చిన్నదని మేము తలంచితిమి, అందుచేత పడినాడు. తప్పు బండిది కాదు, బండివానిది కాదు, మాది.

ప్రశ్నలు

1. వేగము సగము చేసినచో మలుపులో కావలసిన బలము నాలుగవ వంతగుట కేమి కారణము?
2. మలుపు వ్యాసార్ధము 12 మీటర్లైనచో, 20 కిలోమీటర్ల వేగమున 40 కిలోగ్రాముల బాలునికి ఎంత బలము కావలెను?
3. వెనుక చక్రములకే బ్రేకు గల బండి వాలులో ఎందుకు జాఱును?
4. బ్యాటరీని మూసిన గదిలో నింపరాదనుటకు కారణము వ్రాయుము.
5. మీ యింటి పెద్దలు వాడు బండ్లలో ఎందఱు కూర్చుండవచ్చునో, ఎందఱు కూర్చుండుచున్నారో ఒక వారము గమనించి వ్రాయుము.