కుక్కల ఏలికపాము – పిల్లలకు రక్తపరీక్ష ఎందుకు?

"మలపరీక్షలో పురుగులేమీ లేవన్నారండీ" అంటూ కాగితం చూపే తల్లిదండ్రులు లాలాపేటలోని నా వైద్యశాలకు తరచుగా వస్తుంటారు. బిడ్డకు వీడని దగ్గు, ఉండుండి జ్వరం. రక్తంలో ఈసినోఫిల్ కణాలు మాత్రం మితిమీరి ఉంటాయి. మన్ను తింటాడా, ఇంట్లో కుక్కపిల్ల ఉన్నదా అని నేను మొదట అడుగుతాను.

టాక్సోకారా అనే ఏలికపాము కుక్కల పేగులలో, విశేషించి కుక్కపిల్లలలో పెరుగుతుంది. దాని గుడ్లు మలంతో మట్టిలో పడి, రెండు మూడు వారాలకు గాని అంటుకొనే శక్తిని పొందవు. కనుక కుక్కను నిమరడం కంటె, ఇల్లు కట్టేచోట పోసిన ఇసుకకుప్పలో ఆడి, కడగని చేతితో తినడమే ఎక్కువ ప్రమాదం. మింగిన గుడ్డు నుండి వెలువడిన లార్వా పేగు గోడను తొలుచుకొని కాలేయం, ఊపిరితిత్తులు, ఒక్కొక్కప్పుడు కన్ను చేరుతుంది. మనుష్య శరీరంలో అది పెద్దపురుగు కాదు, గుడ్లు పెట్టదు. ఇక మలంలో ఎట్లా కనిపిస్తుంది?

అందుకే ఎలైసా అనే రక్తపరీక్ష. ప్రయోగశాలలో బ్రతికించిన లార్వాలు విడిచే పదార్థాలకు బిడ్డ రక్తరసాన్ని తగిలించి, వాటిని పట్టుకొనే ప్రతిరక్షకాలు ఉన్నవేమో చూస్తారు. ఉంటే ఆ పురుగు ఎప్పుడో ఒకప్పుడు శరీరంలో ప్రవేశించిందని అర్థం. నేటి దగ్గుకు అదే కారణమని కాదు. ప్రతిరక్షకాలు ఏళ్ల తరబడి నిలుస్తాయి. మన పిల్లలలో సాధారణమైన మామూలు ఏలికపాము కూడ ఈ పరీక్షను భ్రమింపజేయగలదు. ఈసినోఫిల్స్ పెరగడానికి బోదవ్యాధి క్రిమి, ఎలర్జీ వంటి కారణాలూ ఉన్నాయి. అన్నిటినీ కలిపి వైద్యుడే నిర్ణయించాలి.

కంటి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1950లో అమెరికాలో హెలెనర్ వైల్డర్ అనే శాస్త్రజ్ఞురాలు, తొలగించిన 46 కళ్లను పరిశీలించి 24 కళ్లలో పురుగుల లార్వాలను కనుగొన్నారు. వాటిలో అనేకం క్యాన్సర్ అనుమానంతో తీసినవి! ఆనాడు ఈ రక్తపరీక్ష లేదు. నేడున్నా, లార్వా కంటిలోనే ఉన్నప్పుడు రక్తంలో ఏమీ తేలకపోవచ్చు. కంటిపాప తెల్లగా మెరిసినా, కొత్తగా మెల్లకన్ను వచ్చినా, ఒక కన్ను మసకబారినా రక్తపరీక్ష ఫలితం కొరకు ఆగక వెంటనే కంటివైద్యునికి చూపించాలి. నిజంగా క్యాన్సర్ అయినా లక్షణాలు ఇవే. తేనె, చనుబాలు కంటిలో వేయరాదు.

చరకుడు 20 విధాల క్రిములను చెప్పి, వాటిలో రక్తజ క్రిములనూ పేర్కొన్నాడు. ఆ పేరు చూసి ఇదే అదని చెప్పడం నాకు సమ్మతం కాదు. పేగులలోని క్రిములకు నేనూ వాయువిడంగాలు ఇస్తాను. కంటికి చేరిన లార్వాను అవి చంపుతాయని మాత్రం చెప్పలేను. అక్కడ ఆల్బెండజోల్ వంటి మందులు, వాపు తగ్గించే స్టిరాయిడ్లు ఎప్పుడు, ఎంత అన్నది నిపుణులే చెప్పాలి. చరకుడు చెప్పిన నిదానపరివర్జనం, అనగా కారణాన్ని దూరం చేయడం, మన చేతిలోనే ఉన్నది: కుక్కపిల్లకు రెండు వారాల వయసు నుండే పశువైద్యుని సలహాతో పురుగుల మందు, దాని మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తివేయడం, ఇసుకకుప్పపై పట్టా, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడిగించడం.