ఖరీదైన పిక్కు ఎప్పుడు కొనాలి?

చిరంజీవి అల్లుడికి,



నీ ఉత్తరం అందింది. అమెరికా నుంచి తెప్పించుకోవాలనుకుంటున్న వస్తువుల జాబితా చూశాను. తీగలు మీటే ఒక ఖరీదైన పిక్కు, మాండలిన్ వెనక తగిలించే లోహపు చట్రం, ముంజేతి కింద అమర్చే చెక్క, కొత్త టెయిల్‌పీసు. ఇవి కొంటే వాయిద్యం బాగా పలుకుతుందా అని అడిగావు. వద్దు అని ఒక్కమాటలో తేల్చేయడం నాకిష్టం లేదు, ఎందుకంటే వీటిలో ఒక్కొక్కదాని వెనకా ఒక కారణం ఉంది. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను. పిక్కు మారిస్తే మాండలిన్ పలుకు మారుతుంది, ఆ మాట నిజం. కాకపోతే ఆ మార్పు తెచ్చేవి పిక్కు మందం, మొన ఆకారం, అంచు నునుపు. ఈ మూడూ చవకలోనే దొరుకుతాయి. ఎక్కువ డబ్బు పెడితే అదనంగా వచ్చేది మన్నిక, తీగ మీద ఇంకాస్త సాఫీగా జారే గుణం. ఆ అదనం నీకు అక్కరకొచ్చే రోజు తప్పకుండా వస్తుంది. తీగలు, బ్రిడ్జి, కుడిచెయ్యి మూడూ కుదిరాక వచ్చే రోజు అది.

ఒక్క మీటును దగ్గరగా గమనిస్తే ఈ సంగతి తెలుస్తుంది. పిక్కు తగలగానే తీగ పలకదు. పిక్కు ముందు దాన్ని పక్కకు నెడుతుంది, తీగ మొన దగ్గర వంగుతుంది. మొన కోసుగా ఉంటే ఆ వంపు పదునుగా ఉంటుంది, గుండ్రంగా ఉంటే మెత్తగా ఉంటుంది. అంచు మీంచి జారి తప్పించుకునే క్షణానికి తీగ ఏ ఆకారంలో ఉందో దాన్నిబట్టి మూలస్వరంతో పాటు ఏ అనుస్వరాలు ఎంత బలంగా మోగాలో ఖాయమైపోతుంది. అందుకే కోసు మొన పలుకును గణగణలాడిస్తుంది, గుండ్రటి మొన దాన్ని బొద్దుగా, మృదువుగా చేస్తుంది. ఇక మందం. అర మిల్లీమీటరు పిక్కు తీగను నెట్టబోయి తనే వంగిపోతుంది, విడిచేటప్పుడు టక్కుమని చప్పుడు చేస్తుంది. నీ మాండలిన్‌కి ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. ప్రతి మీటుకూ పిక్కు రెండు తీగల్ని వెంటవెంటనే దాటాలి. సన్నటి పిక్కు మొదటి తీగ దగ్గరే బలం కోల్పోయి రెండోదాన్ని నామమాత్రంగా తాకుతుంది. ఎక్కువమంది మాండలిన్ వాద్యకారులు ఒక మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర దాకా మందమున్న పిక్కులు వాడటానికి కారణం ఇదే. ఆ మందంలో నైలాన్, సెల్యులాయిడ్, డెల్రిన్ పిక్కులు పదుల రూపాయల్లో వస్తాయి.

పిక్కు కంటే ఎక్కువ మార్పు తెచ్చేది ఇంకొకటి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. అది మీటే చోటు. మామూలు మాండలిన్ మీద పలికే తీగ పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు. బ్రిడ్జికి 7 సెంటీమీటర్ల దూరంలో, అంటే ఐదో వంతు దగ్గర మీటావనుకో, మూలస్వరాన్ని ఒకటిగా లెక్కపెడితే ఐదో అనుస్వరం దాదాపు వినిపించదు. అక్కణ్ణుంచి 3.5 సెంటీమీటర్లకు జరిగితే అది తిరిగి లేస్తుంది, పైనున్నవి కూడా బలపడతాయి, పలుకు పదునెక్కుతుంది. మెట్ల వైపు జరిపితే గుండ్రంగా, కాస్త బోలుగా వినిపిస్తుంది. దీనికి పిక్కు పట్టే కోణం, అది తీగల మధ్యకు దిగే లోతు, వేళ్ల బిగువు తోడవుతాయి. పిక్కు లోతుగా దిగితే జంటలో రెండో తీగకు తట్టుకుంటుంది, ట్రెమొలో, అంటే ఒకే స్వరాన్ని గబగబా మీటుతూ నిలపడం, గుర్రపు నడకలా ఎగుడుదిగుడవుతుంది. నువ్వు రాసిన ఇబ్బంది సరిగ్గా ఇదే. దానికి మందు జంట వరుసలు, ధాటు వరుసలు మూడు కాలాల్లో, పైమీటూ కిందిమీటూ ఒకే బరువుతో పలికేదాకా వాయించడం. పిక్కు మొనలో మిల్లీమీటరో రెండో మాత్రమే తీగలు దాటాలి. కొత్త పిక్కు ఈ తప్పును కొన్నాళ్లు కప్పిపుచ్చగలదేమో కానీ దిద్దలేదు.

మరి అంత ధర ఎందుకు అంటావు. దీనికి కొంత చరిత్ర ఉంది. ఒకప్పుడు పిక్కుల్లో మేలురకం అంటే హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేలు డిప్పతో చేసినది. గట్టిగా ఉంటుంది, అద్దంలా మెరుగు పెట్టొచ్చు, తీగ మీద పట్టకుండా జారుతుంది, అరిగినా గరుకుదేలదు. ఆ డిప్పల కోసం ఆ జాతినే అంతరించే స్థితికి తెచ్చారు. అంతరించిపోతున్న ప్రాణుల వ్యాపారం మీద 1973లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం కిందా, మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందా ఇప్పుడు ఆ వ్యాపారం నిషిద్ధం. పాత డిప్ప పిక్కు ఎవరైనా అమ్మజూపినా దాని జోలికి పోకు. దానికి దీటైన పదార్థం కోసం తయారీదారులు పాల నుంచి తీసే కేసీన్‌తో, రకరకాల గట్టి ప్లాస్టిక్కులతో ప్రయత్నాలు చేశారు. విపరీతమైన వేడికీ రాపిడికీ తట్టుకునే యంత్రభాగాల కోసం పుట్టిన పాలీఇమైడ్ జాతి ప్లాస్టిక్కులు వాటిలో బాగా నిలబడ్డాయి. ఆ ముడిసరుకే ఖరీదు, పైగా ఒక్కో పిక్కునూ కోసి అంచులు చెక్కాలి. బ్లూచిప్ లాంటి కంపెనీల పిక్కు ఒక్కటి 35 డాలర్లు దాటేది అందుకే. కాబట్టి ఆ ధర మోసం అనను. ఆ ధర ముడిసరుకుకూ పనితనానికీ కట్టిన వెల. నీ వాదనం దానివల్ల ఎంత మెరుగవుతుందన్నది మాత్రం ఆ వెలలో లెక్కకు రాదు.

వాడి చూసినవాళ్లంతా తేడా స్పష్టంగా వినిపించిందంటున్నారని రాశావు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని నేననను. ధర తెలిసిన చెవి మాత్రం నిష్పాక్షికంగా వినలేదు. దీనికి వయొలిన్ లోకంలో గట్టి రుజువు ఉంది. క్లాడియా ఫ్రిట్జ్, జోసెఫ్ కర్టిన్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధనలో అనుభవజ్ఞులైన 21 మంది వయొలిన్ వాద్యకారులకు చూపు మసకబారే కళ్లజోళ్లు పెట్టి, మసక వెలుతురు గదిలో ఆరు వయొలిన్లు ఇచ్చారు. మూడు కొత్తవి. మిగతా మూడింటిలో రెండు స్ట్రాడివేరియస్ చేసినవి, ఒకటి గ్వర్నేరి చేసినది. పాతవేవో కొత్తవేవో చాలామంది పోల్చుకోలేకపోయారు. ఇంటికి తీసుకెళ్లడానికి ఒకటి ఎంచుకోమంటే ఎక్కువమంది కొత్తదాన్నే ఎంచుకున్నారు. కోట్ల విలువైన వాయిద్యాల సంగతే ఇలా ఉంటే, మూడు వేల పైచిలుకు పిక్కు గురించి చేతిలో పట్టుకుని, రశీదు తలుచుకుంటూ చెప్పే తీర్పుకు ఎంత బరువివ్వాలో నువ్వే ఆలోచించు. వయొలిన్ పరీక్షతో పిక్కుల్లో తేడా లేదని తేలదు, నిజమే. తేడా ఉందని తేల్చుకోవాలంటే ధర తెలియకుండా వినాలన్న పాఠం మాత్రం పిక్కులకూ వర్తిస్తుంది.

"అమెరికన్ మాండలిన్ విద్వాంసుడు క్రిస్ థీలీ బ్లూచిప్ వాడుతున్నాడు కదా" అని నువ్వు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. వాడుతున్నాడు, అతని పేరు మీద ఒక మోడలే ఉంది. కానీ అతను వాయించే మాండలిన్ 1920లలో లాయిడ్ లోర్ పర్యవేక్షణలో గిబ్సన్ కంపెనీ చేసిన ఎఫ్‌-5. ఆ వాయిద్యానికి, అతని చేతికి, రోజుకు అన్ని గంటల వాదనానికి ఆ చివరి వెంట్రుకవాసి తేడా లెక్కలోకి వస్తుంది. మన ఉదాహరణ ఇంకా దగ్గరలో ఉంది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్‌ను కర్ణాటక సంగీత కచేరీ వేదిక మీద నిలబెట్టాడు. ఆయన కూడా వాయిద్యాన్ని మార్చుకున్నాడు, బాగా మార్చుకున్నాడు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు, ఎలక్ట్రిక్ మాండలిన్‌కు మారాడు, ఐదో తీగ చేర్చాడు. ప్రతి మార్పుకూ సంగీతం తరఫున ఒక అవసరం ఉంది. గమకానికీ జారుకూ నాదం నిలవాలి, రెండు తీగల్ని ఒకేలా ఊపడం కష్టం, కింది స్థాయిలో చోటు కావాలి. ఇక ఆ చెయ్యి ఎలా తయారైంది? గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, ఆ పాటను కుర్రవాడు తీగల మీద పలికించేవాడు. ముందు చెవిలో నాదం స్థిరపడింది, దాన్ని పలికించడానికి ఏం కావాలో తరవాత తెలిసింది. పెద్దవాళ్ల నుంచి మనం తీసుకోవలసింది ఆ వరస. వాళ్ల సామాన్ల జాబితా నకలు చేసుకుంటే ఆ వరస తలకిందులవుతుంది.

మిగతా మూడింటి సంగతి త్వరగా చెబుతాను. వెనక తగిలించే చట్రం పని చేస్తుంది. మాండలిన్ వెనక పలక కూడా కంపిస్తుంది, దాన్ని పొట్టకు ఆనిస్తే ఆ కంపనం అణగిపోతుంది, చట్రం ఆ ఎడం ఉంచుతుంది. మంచి పట్టీ వేసుకుని వాయిద్యాన్ని ఒంటికి కాస్త ఏటవాలుగా పట్టుకుంటే అందులో చాలాభాగం ఊరికే దక్కుతుంది. ముంజేతి చెక్క కూడా అంతే, చెయ్యి పైపలక మీద పడకుండా అంచు మీద ఆనితే చాలు. టెయిల్‌పీసు మారిస్తే తీగలు మార్చడం సులువవుతుంది. బ్రిడ్జి అవతలి తీగల ముక్కలు గింగురుమంటున్నాయని నీ బాధ అయితే అక్కడ ఒక మెత్తటి గుడ్డ పేలిక దూరిస్తే సరిపోతుంది.

ఇప్పుడు డబ్బు ఎక్కడ పెట్టాలో చెబుతాను. మీ కాకినాడ గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉన్నాయి. దానికి చేతి చెమట తోడైతే ఉక్కు తీగలు త్వరగా తుప్పుపడతాయి. తుప్పు, మడ్డి పట్టిన తీగ బరువు పొడుగంతా ఒకేలా ఉండదు, దాని అనుస్వరాలు సరైన చోట పలకవు. అప్పుడు జంటలో రెండు తీగల్నీ ఎంత శ్రుతి చేసినా కలవవు. దాని మీద ఏ పిక్కు వాడినా పలుకు చచ్చే ఉంటుంది. కొత్త తీగల సెట్టు, వాయించాక ప్రతిసారీ తుడవడానికి పొడిగుడ్డ, ఇవి మొదటి ఖర్చు. తీగలు ఒక్కొక్కటే మార్చు, అన్నీ ఒకేసారి విప్పకు. మాండలిన్ బ్రిడ్జి అతికించి ఉండదు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది, విప్పితే జరిగిపోతుంది. అది రవ్వంత జరిగినా పై మెట్ల మీద శ్రుతి తప్పుతుంది. పన్నెండో మెట్టు మీద వేలు ఆనీ ఆనకుండా పెట్టి మీటి, తరవాత అదే మెట్టు నొక్కి మీటి చూడు. రెండు స్వరాలూ కలవాలి. కలవకపోతే బ్రిడ్జి జరపాలి. మొదటి మెట్ల దగ్గర నొక్కడం కష్టంగా ఉంటే మెడ పైకొసన తీగలు ఆనే నట్టులో గాడులు లోతు చెయ్యాలి, అది చేయి తిరిగిన మెకానిక్‌కు అప్పగించు. ఇలాంటి సర్దుబాట్లతో మంచి సెటప్ చేసిన మామూలు మాండలిన్, సెటప్ లేని ఖరీదైన మాండలిన్ కంటే హాయిగా పలుకుతుంది. నువ్వు రాసిన వేళ్ల నొప్పి కూడా సగం దాంతోనే పోతుంది.

ఖరీదైన పిక్కు ఏళ్లతరబడి మన్నుతుంది కాబట్టి చివరికి చవకే కదా అని ఇంకో వాదన ఉంది. అది కొట్టిపారేసే వాదన కాదు. ట్రెమొలో గంటలకొద్దీ వాయించేవాళ్లకు చుట్టుతీగల రాపిడికి సెల్యులాయిడ్ అంచు రంపంలా గరుకుదేలుతుంది, గీకుడు శబ్దం వస్తుంది. అయినా లెక్క వేసి చూడు. మూడున్నర వేలకు 35 రూపాయల పిక్కులు వంద వస్తాయి. అరిగిన అంచును సన్నటి వాటర్ పేపర్ మీద రుద్ది, జీన్సు గుడ్డతో మెరుగు పెడితే మళ్లీ నునుపు తేలుతుంది. అలా రుద్దడంలోనే నీకు నచ్చే మొన గుండ్రం ఎంతో, అంచు వాలు ఎటో తెలిసిపోతుంది. పైగా గోరంత వస్తువు, జేబులోంచి జారిపోతే దొరకదు. మంచి వస్తువు చేతిలో ఉంటే సాధన మీద ఉత్సాహం వస్తుందన్నదీ నిజమే. అయితే కొత్త వస్తువు తెచ్చే ఉత్సాహం ఆ కొత్తదనంతోనే పోతుంది. వారం వారం నీ ట్రెమొలో సాఫీ అవుతుంటే వచ్చే ఉత్సాహం నిలుస్తుంది. నీ డబ్బు కంటే నీ శ్రద్ధ గురించే నా బెంగ. తప్పు సామానులో ఉందని ఒకసారి అలవాటైతే చెయ్యి తన తప్పు వినడం మానేస్తుంది.

కాబట్టి ఇలా చెయ్యి. ముందు తీగలు, సెటప్. తరవాత వేర్వేరు మందాల్లో, మొనల్లో, పదార్థాల్లో ఓ పది చవక పిక్కులు కొను. ఒక్కోటి కొన్ని రోజులు వాడి, నీ చేతికి ఏది ఎందుకు నచ్చిందో పుస్తకంలో రాసుకో. ఈలోగా సరళీ వరుసలు, ఒక వర్ణం రెండు కాలాల్లో, పక్కనే నీకిష్టమైన అమెరికన్ పాటలు, అన్నీ సమంగా పలికేలా సాధన చెయ్యి. ఆ పైన, ఖరీదైన పిక్కు ఉన్న స్నేహితుడు ఎవరైనా ఉంటే కూర్చోబెట్టుకో. నువ్వు కళ్లు మూసుకుంటే అతను పిక్కులు మార్చి మార్చి చేతిలో పెట్టాలి, నువ్వు ఒకే పల్లవి ఒకే చోట మీటుతూ వాయించాలి, ఫోన్లో రికార్డు చెయ్యాలి. మర్నాడు ఏది ఏదో తెలియకుండా విను. ఖరీదైనదాన్ని పదేపదే నువ్వు పట్టుకోగలిగితే, అది నీకు నచ్చితే, ఇంకేం ఆలోచించకుండా కొనుక్కో. అప్పుడు ఆ డబ్బుకు ఏం వస్తుందో నీకు తెలిసే ఇస్తావు. పట్టుకోలేకపోతే ఆ మొత్తంతో మంచి గురువు దగ్గర ఇంకొన్ని పాఠాలు చెప్పించుకో. రెండింటిలో ఏది జరిగినా నీ చెవి ఇప్పటికంటే నిశితమవుతుంది, అది ఎవరూ అమ్మగలిగేది కాదు.

తీగలు మార్చాక పన్నెండో మెట్టు పరీక్ష ఎలా వచ్చిందో రాయి. అక్కనూ బావగారినీ అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య